ఒక్క వానాకాలం ఆగి మార్కులు వేయండి

ఆర్కిటెక్చర్ కాలేజీల ప్రిన్సిపాల్ గార్లకు, డిజైన్ స్టూడియో చెప్పే మాస్టార్లకు, మేడమ్‌లకు,

నమస్కారం.

నేను కోనసీమలో, గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక గ్రామంలో పుట్టాను. అక్కడే ఉంటూ పొరుగూరి హైస్కూల్లో సైన్స్ చెబుతున్నాను. ఇల్లు కట్టే విద్య నాకు తెలీదు. కానీ ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు మా రేవు దగ్గర కట్టిన చావడిని, పునాదికి ముగ్గు పోసిన పొద్దుట నుంచి ఈ రోజు దాకా దగ్గరుండి చూస్తున్నాను. ఆ చూసినదాన్ని బట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అడగదల్చుకున్నది ముందే చెప్పేస్తాను. గోదావరి పాయల మధ్య మీ విద్యార్థుల చేత ఏదైనా కట్టిస్తే, దాని మీదుగా ఒక వానాకాలం వెళ్లేదాకా మార్కులు పూర్తిగా వేసేయకండి. కొన్నయినా ఆపి ఉంచండి. ఏరు వచ్చి తీశాక పిల్లల్ని మళ్లీ పంపండి. వాళ్లు కట్టింది ఏమైందో వాళ్ల కళ్లతో వాళ్లు చూసుకోవాలి.

ఆ పిల్లలు 2022 ఫిబ్రవరిలో వచ్చారు. నాలుగో ఏడాది చదివేవాళ్లు, ఇరవై మందికి పైనే. కాలేజీ పేరు ఇక్కడ రాయను. మగపిల్లలు పంచాయతీ ఆఫీసులో పడుకున్నారు, ఆడపిల్లలు మా ఇంట్లో, పక్కింట్లో సర్దుకున్నారు. ఊరివాళ్లను అడిగి, వాళ్లతో కలిసి గీసి, తమ చేతులతోనే కట్టడాన్ని డిజైన్ బిల్డ్ అంటారని అప్పుడే విన్నాను. మొదటి వారం ఇంటింటికీ తిరిగి ఏం కావాలని అడిగారు. డ్వాక్రా ఆడవాళ్లు ఒకే మాట చెప్పారు: రేవులో పడవ కోసం చంటిపిల్లలతో వానలో నిలబడుతున్నాం, ఒక నీడ కావాలి, నెలకోసారి మీటింగుకి కూర్చోడానికి, కొబ్బరి పీచు పని చేసుకోడానికి కాస్త చోటుండాలి. దాన్నే పిల్లలు చావడిగా గీశారు.

ఎంత కష్టపడ్డారో చెప్పకపోతే నాకు మనసు ఒప్పదు. పడగొట్టిన ఒక పాత ఇంటి బంగాళా పెంకుల్ని ఒక్కొక్కటీ తట్టి, గణగణమన్నవి ఒక పక్కకీ బొంగురుగా పలికినవి మరో పక్కకీ పెట్టారు. చేవదేరిన తాడి వాసాల కోసం మేస్త్రి వెంట మూడూళ్లు తిరిగారు. ఒకబ్బాయి మా స్కూల్ ల్యాబ్‌లో గాజు జాడీ అడిగి తీసుకెళ్లి, లంక మట్టి సగం పోసి, నీళ్లు నింపి, మూత పెట్టి ఊపి అరుగు మీద పెట్టాడు. ఇసుక నిమిషంలో అడుక్కి దిగిపోయింది. దాని మీద సన్నటి ఒండ్రు పొర కట్టడానికి ఇంకాసేపు పట్టింది. బంకమన్ను మాత్రం దిగనే లేదు, నీళ్లు మర్నాడు పొద్దుటికి గానీ తేటపడలేదు. మా తొమ్మిదో తరగతి పిల్లలు అరుగు చుట్టూ మూగి ఆ జాడీనే చూశారు. నేను ఏళ్ల తరబడి బోర్డు మీద చెబుతున్న పాఠం వాళ్లకి ఆ రోజే అర్థమైంది.

గోడలు ర్యాట్ ట్రాప్ బాండ్ అనే పద్ధతిలో కట్టారు. ఇటుకను పడుకోబెట్టకుండా నిలబెట్టి పేరుస్తారు. రెండు వరసల మధ్య బోలుగా ఉంటుంది. ఇటుక దాదాపు పాతిక శాతం కలిసొస్తుంది, ఎండ వేడి లోపలికి తొందరగా దిగదు. కేరళలో లారీ బేకర్ గారు ఈ పద్ధతిని బాగా వాడుకలోకి తెచ్చారని పిల్లలే చెప్పారు. మా మేస్త్రి ముప్పై ఏళ్లలో అలా ఎప్పుడూ కట్టలేదు. మొదట్లో నసిగాడు. నాలుగో రోజుకి వాళ్లకన్నా వేగంగా పేర్చాడు.

తేడా వచ్చింది బేస్‌మెంట్ ఎత్తు దగ్గర.

మా రామాలయం స్తంభం మీద ఒక గాటు ఉంది. 1986 ఆగస్టులో గోదారి వచ్చినప్పుడు నీళ్లు అక్కడిదాకా నిలిచాయి. ఆ వరదకి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మా వైపు పెద్దవాళ్లు ఏ ఎత్తునైనా ఎనభయ్యారుతోనే పోల్చి చెబుతారు. ఆ గాటు నా తలకన్నా జానెడు పైన ఉంటుంది. ఎదురింటి మామ్మ పిల్లల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మరీ చూపించింది. వాళ్లు ఫొటోలు తీసుకున్నారు, టేపు పెట్టి కొలిచారు. సాయంత్రం ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి, "బేస్‌మెంట్ మూడడుగులని ప్లాన్ కాలేజీలో ముందే ఫైనల్ అయిపోయిందండీ, ఇప్పుడు మారిస్తే సెమిస్టర్‌లోపు అవ్వదు" అంది. ఆ అమ్మాయి మొహంలో టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది. మార్చమని గట్టిగా అడగాల్సింది నేను. అడగలేదు. ఇంతమంది పిల్లలు ఎండలో ఇంత పని చేస్తుంటే వంక పెట్టినట్టు ఉంటుందనుకున్నాను.

కోనసీమ జిల్లా ఏర్పడిన ఏప్రిల్ అది. అదే నెలలో చావడికి రిబ్బన్ కత్తిరించారు. మాస్టార్లు వచ్చి చూశారు, మార్కులు వేశారు. మామ్మ అందరికీ పూతరేకులు పంచింది. పిల్లలు ఏడుస్తూ పడవ ఎక్కారు, మేమూ ఏడ్చాం.

జూలైలో గోదారి ఎర్రబడింది. మామూలుగా శ్రావణంలో చూసే ఏరు ఆ ఏడాది ఆషాఢంలోనే వచ్చేసింది. భద్రాచలంలో 71 అడుగులు దాటిందని టీవీలో చెప్పగానే ఊరంతా మూటలు కట్టుకుంది. అక్కడ పెరిగిన నీరు మా దాకా రావడానికి ఒకటిన్నర రోజో, రెండు రోజులో పడుతుంది. ఆ వ్యవధిలోనే పశువుల్ని గట్టు మీదికి తోలుకోవాలి, బియ్యం, పుస్తకాలు, పట్టాలు అటకెక్కించాలి. ధవళేశ్వరంలో 17.75 అడుగులకి మూడో హెచ్చరిక. అది దాటిపోయి, బరాజ్ నుంచి దాదాపు 26 లక్షల క్యూసెక్కులు సముద్రానికి వదిలారు. ఏటిగట్టు మీద టార్పాలిన్ కింద ఉండి మా ఇళ్లను చూసుకున్నాం. చావడి పైకప్పు మాత్రం కనిపిస్తూనే ఉంది. పెంకు ఒక్కటి కూడా కదల్లేదు. ఆ సంగతి పిల్లలకి మెసేజ్ పెట్టాను.

నీరు తీశాక వెళ్లి చూస్తే లోపల నడుము ఎత్తున గీత, మోకాలి లోతు ఒండ్రు. తలుపు ఏటి వైపు ఒక్కటే పెట్టారు, వెనక గోడ నిండుగా కట్టేశారు. వచ్చిన నీటికి పోయే దారి లేక ఉన్న బురదంతా అక్కడే దింపేసింది. ఆడవాళ్లం పారలతో తీసి, తట్టలతో మోసి, ఆరు రోజుల్లో శుభ్రం చేశాం. ఆగస్టులో మళ్లీ వరదొచ్చింది, మళ్లీ ఎత్తిపోశాం. మరుగుదొడ్డి గుంట సంగతి వేరే చెప్పాలి. ఫిబ్రవరిలో తవ్వారు కాబట్టి అడుగు దాకా పొడిగా కనిపించింది. వానాకాలంలో లంకలో నాలుగడుగులకే ఊట పడుతుంది. గుంట నిండి పైకి తన్నింది.

అన్నిటికన్నా మమ్మల్ని విసిగించింది గోడ. సెప్టెంబర్ వచ్చినా ఆరలేదు. పైనుంచి ఎండ కాస్తోంది, తలుపు రోజంతా తీసే ఉంది, అయినా గోడ చెమట పట్టినట్టు తడిగానే ఉంది. లోపల కూర్చుంటే పాచి వాసన. మేస్త్రి రెండు రోజులు అటూ ఇటూ తిరిగి, చెవి ఆనించి, సుత్తి మడమతో తట్టాడు. "టీచరు గారూ, ఇది లోపల నీళ్లు దాచుకుందండీ" అన్నాడు. వెనక గోడలో కింద వరస నుంచి సగం ఇటుక ఊడబెరికాడు. కూజా వంచినట్టు ఎర్రటి నీళ్లు ధారగా వచ్చాయి. చాలాసేపు వచ్చాయి. వెనక మెత్తటి బురద, దాని వెనక ఒక చచ్చిన పీత. గోడ మధ్య బోలులోకి జూలైలో దిగిన గోదారి సెప్టెంబర్‌లో బయటికొచ్చింది.

అది ఆ కట్టుబడి తప్పు కాదు. వేసవిలో ఆ చావడంత చల్లటి చోటు మా ఊళ్లో లేదు. కింద వరసలో నాలుగడుగులకో కన్నం వదిలి ఉంటే, వెనక గోడలో తలుపుకి ఎదురుగా ఇంకో తలుపు పెట్టి ఉంటే సరిపోయేది. ఈ రెండూ ఖరీదైన పనులు కావు. ఎవరికీ తోచలేదు, అంతే. తోచడానికి ఆ పిల్లలు ఎండిన లంకనే చూశారు, తడిసిన లంకను చూడలేదు.

నేను కాలేజీకి ఉత్తరం రాశాను, ఫొటోలు పెట్టాను. ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు. ఆ సెమిస్టర్ ఫలితాలు వచ్చేశాయి, ఆ బ్యాచ్ ఇప్పుడు వేరే ప్రాజెక్టులో ఉంది, బడ్జెట్ కూడా ముగిసిపోయింది అన్నారు. ప్రతి మాటా నిజమే అయ్యుంటుంది. నాకు కోపం వచ్చింది కూడా అందుకే. అందరూ నియమం ప్రకారమే నడుచుకున్నారు, తడిసిన గోడ మాత్రం మాకు మిగిలింది.

దసరా సెలవుల్లో ఒకమ్మాయి వచ్చింది. బేస్‌మెంట్ గురించి నాతో మాట్లాడిన అమ్మాయే. ఎవరూ పంపలేదు. సొంత డబ్బుతో బస్సెక్కి, రావులపాలెంలో మారి, పడవ దాటి వచ్చింది. చావడిలోకి వెళ్లి చాలాసేపు మాట్లాడకుండా నిలబడింది. తర్వాత బ్యాగులోంచి టేపు తీసింది. నాలుగు గోడల మీదా నీటి గీత ఎత్తు కొలిచి పెన్సిల్‌తో గుర్తు పెట్టింది. మేస్త్రి తీసిన కన్నంలో వేళ్లు పెట్టి చూసింది. ఆ పీత సంగతి చెబితే నోటుబుక్కులో అది కూడా రాసుకుంది. రెండో రోజు మామ్మ దగ్గర కూర్చుని పాత ఇళ్ల గురించి అడిగింది.

మామ్మ చెప్పినవి నేనూ అప్పుడే విన్నాను. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగినదాన్నయినా ఎప్పుడూ అడగలేదు. మండువా లోగిలిలో నడిమి వాకిలి పల్లంగా ఎందుకు ఉంటుందో, ఆ మూల తూము ఎందుకో. వీధి తలుపూ పెరటి తలుపూ ఒకే వరసలో ఎందుకు పెట్టేవారో. గాలికే అనుకునేదాన్ని నేను. "నీళ్లొచ్చినప్పుడు రెండు తలుపులూ బార్లా తీసి గట్టెక్కేవాళ్లమే, మూస్తే గోడ పోద్ది" అంది మామ్మ. అటక ఎత్తు ఇంటి పెద్ద వరదని బట్టి పెట్టించుకునేవాడట. ఎనభయ్యారు ఎత్తుకి బేస్‌మెంట్ లేపడం ఎవరి తరమూ కాదు. నీరు లోపలికి రానిచ్చి, పోనిచ్చి, విలువైనవి మాత్రం పైన దాచుకోవడం మా పెద్దల పద్ధతి. ఈ ముక్క ఫిబ్రవరిలో మామ్మ చెప్పకపోవడానికి కారణం ఉంది. ఎవరూ అడగలేదు. ఏం కావాలని అడిగారు గానీ, ఏరొస్తే ఏం చేస్తారని అడగలేదు.

ఆ అమ్మాయి మూడో రోజు చావడికి కొత్త బొమ్మ గీసి మేస్త్రికి ఇచ్చింది. వెనక గోడలో రెండో తలుపు, కింద వరసలో కన్నాలు, తాడి వాసాల మీద బల్లలు పరిచి అటక. మేము చందాలేసుకుని తర్వాతి వేసవిలో చేయించుకున్నాం. నాకు తెలిసి ఆమె చదువు మొత్తంలో గోదారి దగ్గర అసలు నేర్చుకున్నది ఆ మూడు రోజుల్లోనే. దానికి ఒక్క మార్కు కూడా రాలేదు.

అందుకే మీకు రాస్తున్నాను. మంచి పిల్ల కాబట్టి వచ్చింది. మిగతావాళ్లూ మంచి పిల్లలే, వాళ్లకి వీలుపడలేదు. మంచితనం మీద వదిలేయకుండా దాన్ని చదువులో భాగం చేయడం మీ చేతిలో ఉంది.

కుదరదని అంటారేమోనని కాస్త లెక్క వేసి చూశాను. మీ కోర్సు ఐదేళ్లు. నాలుగో ఏడాది రెండో సగంలో కట్టిన పిల్లలు వానాకాలం వచ్చేసరికి ఇంకా మీ దగ్గరే ఉంటారు, ఐదో ఏట అడుగు పెడతారు. వంద మార్కుల్లో పాతిక ఆపి, కార్తీకమాసంలో వేయండి. వాళ్లు మూడు రోజులు వచ్చి, ఏది నిలిచింది, ఏది పోయింది, ఎందుకు అన్నది రాసిచ్చాకే వేయండి. గోడ తడిసిందని మార్కులు తగ్గించొద్దు. తడవడానికి కారణం కనిపెట్టి సరిచేసినవాళ్లకి ఎక్కువ ఇవ్వండి. ఇంకో మాట, వచ్చే బ్యాచ్ ఎక్కడ కట్టబోతోందో ముందే ఖాయం చేసుకుని, కట్టే ముందటి వానాకాలంలోనే ఆ పిల్లల్ని ఒకసారి తిప్పి తీసుకెళ్లండి. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగినప్పుడు జనం పడవల్లో ఎలా దాటుతారో చూస్తే, మెట్లు ఎంత వెడల్పుండాలో, రేవులో అరుగు ఎంత ఎత్తుండాలో ఎవరూ చెప్పక్కర్లేదు. బడ్జెట్‌లో ముందే కొంత పక్కన పెట్టండి, రిబ్బన్ కత్తిరించాక వచ్చే మరమ్మతుకి. అది పంచాయతీ ఖాతాలో వేసినా సరే. మేస్త్రి కూలీ కూడా అందులోంచే ఇవ్వచ్చు. ఆ చావడిని మరమ్మతు చేయడానికి మా మేస్త్రి మాకు సగం కూలీకే పనిచేశాడు, అది మాకు ఇప్పటికీ బాకీగానే అనిపిస్తుంది.

ఇది లోకంలో ఎవరూ చేయని పనేం కాదు. ఆ అమ్మాయే నాకు కొన్ని చదవమని పంపింది. అమెరికాలో అలబామా రాష్ట్రంలో ఆబర్న్ యూనివర్సిటీ వాళ్లు 1993లో రూరల్ స్టూడియో అని మొదలుపెట్టారు. క్యాంపస్‌లో కూర్చోకుండా, హేల్ కౌంటీ అనే పేద పల్లె ప్రాంతంలోనే మకాం పెట్టి, అక్కడి జనం కోసం విద్యార్థుల చేత ఇళ్లూ, ఊరుమ్మడి కట్టడాలూ కట్టిస్తున్నారు. ముప్పై ఏళ్లు దాటినా ఆ ప్రాంతం వదల్లేదు. డిగ్రీ చేతికొచ్చాక కూడా కట్టడం పూర్తయ్యేదాకా అక్కడే ఉండిపోయిన విద్యార్థులున్నారట. పాత కట్టడాల్లో ఏది ఎలా ఉందో రోజూ కళ్లెదుట కనిపిస్తుంటే, కొత్త బ్యాచ్‌కి అంతకన్నా పాఠం ఏం కావాలి?

మనకు ఇంకా దగ్గరగా ఉన్నది బంగ్లాదేశ్. అక్కడ దినాజ్‌పూర్ జిల్లా రుద్రపూర్‌లో మట్టితో, వెదురుతో రెండంతస్తుల బడి కట్టిన ఆనా హెరింగర్, ఆర్కిటెక్ట్ కాకముందు అదే ఊళ్లో వాలంటీర్‌గా దాదాపు ఏడాది ఉంది. ఏడాదంటే ఒక వానాకాలం ఎలాగూ గడిచుంటుంది. ఆ తర్వాతే తన కాలేజీ థీసిస్‌గా ఆ బడిని గీసింది, 2005లో ఊరి పనివాళ్లతో కలిసి కట్టింది. మట్టి గోడ కింద ఇటుక పునాది వేసి, నేల చెమ్మ పైకి పాకకుండా మధ్యలో అడ్డుపొర పెట్టారు. 2007లో దానికి ఆగా ఖాన్ అవార్డు వచ్చింది. అవార్డు మాట అలా ఉంచండి. ఆవిడ ముందు ఆ ఊళ్లో ఉంది, తర్వాత గీసింది. ఆ వరస నాకు నచ్చింది.

మా దగ్గర ఏరు ఒక్కటే కాదు, గాలి కూడా ఉంది. 1996 నవంబర్ 6 రాత్రి తుపాను నాటికి నేను చిన్నపిల్లని. తెల్లారేసరికి కొబ్బరి తోటలు దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపు పడుకుని ఉన్నాయి. ఇప్పుడు వెదురు పైకప్పులు తేలిగ్గా, అందంగా ఉంటాయని పిల్లలు గీస్తుంటే నాకు భయమేస్తుంది. వెదురు వద్దనను. ఆ వాసాలు గోడని ఎక్కడ పట్టుకుని ఉంటాయో ఒక్కసారి తుపాను నెలలో కూడా వచ్చి చూసుకోమంటాను. కార్తీకంలో రమ్మన్నది అందుకే కూడా.

మీరు పిల్లల్ని పంపడం మానేస్తారేమోనని ఈ ఉత్తరం రాయడానికి చాలా రోజులు వెనకాడాను. దయచేసి మానొద్దు. ఇవాళ సాయంత్రం కూడా ఆ చావడిలో పదో తరగతి పిల్లలు చదువుకుంటున్నారు. పీచు తాళ్లు పేనే ఆడవాళ్లు మధ్యాహ్నం ఎండ దిగేదాకా అక్కడే ఉంటారు. ఆఖరి పడవ తప్పిపోయినవాళ్లు రాత్రి అరుగు మీద పడుకుంటారు. ఇలాంటివి మా లంకల్లో ఇంకా చాలా కావాలి. అంగన్‌వాడీలు కావాలి, ఏరొస్తే పశువుల్ని నిలిపే మెరక దిబ్బలు కావాలి, ఊట పడని మరుగుదొడ్లు కావాలి. గవర్నమెంటు కట్టేవి రాష్ట్రమంతటికీ ఒకే ప్లాన్. లంక కోసం లంకలో కూర్చుని గీసేవాళ్లు మీ పిల్లలు తప్ప మాకు వేరే ఎవరూ లేరు.

ఈ వానాకాలం పంపుతానంటే ఏర్పాట్లు నేను చూసుకుంటాను. ఆడపిల్లలు పది మంది దాకా మా మేడ మీద ఉండొచ్చు, మగపిల్లలకి చావడి అటకే ఉంది. వంట మా డ్వాక్రా వాళ్లు చేస్తారు, వాళ్లకి మామూలు కూలీ కట్టివ్వాలి. ఎర్రనీళ్లు కనిపించగానే మీకు ఫోన్ చేస్తాను. మొదటి హెచ్చరిక, అంటే ధవళేశ్వరంలో 11.75 అడుగులు ఉండగా వస్తే చూడాల్సింది బాగా కనిపిస్తుంది. రెండో హెచ్చరిక 13.75కి. అది ఇస్తారని కబురు తెలియగానే, ఇంకా ఇవ్వకముందే, పిల్లలందర్నీ గట్టు దాటించి రోడ్డెక్కిస్తాం. ఆ విషయంలో మా పడవవాళ్లు ఎవరి మాటా వినరు, మీరూ వాళ్ల మాటే వినాలి. ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ మీరే తెచ్చుకోండి, మా రేవులో ఉన్నవి ఊరివాళ్లకే సరిపోవు. నీరు తీసిన వారానికి మళ్లీ రండి. వచ్చేటప్పుడు పారలు కూడా తెచ్చుకుంటే మంచిది, ఆ వారం ఊళ్లో ఎవరి పార వాళ్లకే కావాలి.

ఇట్లు,
కోనసీమ లంక నుంచి
ఒక సైన్స్ టీచర్